నీడపట్టు కొలతలు

ఫిబ్రవరి 4, మంగళవారం

నా కాల్లో సూది దిగిందని నాకు మా ఆవిడ చెప్పింది. చెప్పాల్సింది నా కాలు.

పొద్దున మిషను మీద కూర్చుని ఒకాయన ప్యాంటు పొడవు తగ్గిస్తున్నాను. ఎదురుగా కూర్చుని కాజాలు కుడుతున్న ఆవిడ, "ఏవండీ, మీ మడమలో ఏదో మెరుస్తోంది" అంది. చూసుకుంటే విరిగిన మిషను సూది, సగం లోపల, సగం బయట. ఎప్పుడు దిగిందో దేవుడికెరుక. నేను మాత్రం పెడలు తొక్కుతూనే ఉన్నాను. నొప్పి లేదు, మంట లేదు. "చూశావా, కాలంటే ఇదీ!" అన్నాను. ఆవిడ షట్టరు దించి నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరు సూది పీకి, కట్టు కట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. సన్నటి పుల్లతో పాదం మీద అక్కడక్కడా తాకుతాడట. తగిలినప్పుడల్లా చెప్పాలట.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ."

"నేనింకా మొదలుపెట్టలేదు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. తర్వాత రక్తం తీసి లెక్క చెప్పాడు, అప్పుడు ఎవరమూ నవ్వలేదు. షుగరు రెండు వందల నలభై ఎనిమిది, అదీ పరగడుపున. అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి. ఇలాగే వదిలేస్తే పుండు పడుతుందట, పడ్డా నాకు తెలియదట, ముందు వేలు పోతుందట, ఆ తర్వాత పాదం. తొంభై రోజులు గడువిచ్చాడు. మాత్రలు మింగుతూ రోజూ నలభై అయిదు నిమిషాలు నడవాలి. తగ్గకపోతే రోజూ ఇంజెక్షను. ముప్పై ఏళ్ళుగా సూదితో బతుకుతున్నవాణ్ణి సూదితో బెదిరిస్తాడేమిటి! దానికి నేను భయపడలేదు. పాదం పోతే పెడలు ఎవరు తొక్కుతారు? దానికి భయపడ్డాను.

"ఎక్కడ పడితే అక్కడ కాదు. చెట్లున్న చోట, పొగ లేని చోట, నీడపట్టున నడవాలి" అన్నాడు డాక్టరు. "నేను రోజూ మా ఇంటి ముందు పార్కులో నడుస్తాను. చూడండి ఎలా ఉన్నానో."

"నేనెప్పుడూ నీడపట్టునే ఉంటానండీ. ఎండలో మాడకుండా బతకాలనే మా నాన్న నన్ను ఈ పనిలో పెట్టాడు."

"ఆ నీడ వేరు, ఈ నీడ వేరు" అని ఒక నీలం పుస్తకం చేతిలో పెట్టాడు. రోజూ ఎంత నడిచానో అందులో రాయాలి. నెలన్నరకోసారి చూస్తాడట.

అందులో డాక్టరుకి కావలసింది రాస్తాను. జరిగింది ఇక్కడ రాసుకుంటాను. ఇది నా పాత కొలతల పుస్తకం, వెనక సగం ఖాళీగా ఉంది. కొలతల పుస్తకంలో అబద్ధం రాస్తే బట్ట పాడవుతుంది. ఇది మాత్రం ఎవరూ చదవకూడదు.

ఫిబ్రవరి 5, బుధవారం

నీలం పుస్తకంలో: 45 నిమిషాలు.

నిజం: పదకొండు. మా వీధిలో ఫుట్‌పాత్ మీద ముందు మోటారుసైకిళ్ళు, వాటి పక్కన కిరాణా కొట్టాయన డబ్బాలు, ఆ డబ్బాల మీద కిరాణా కొట్టాయన. రోడ్డు మీదికి దిగితే బస్సు వీపు గోకుతుంది. ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి కిరాణా ఆయన లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. నడుస్తున్నాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు."

ఆయన ముఖంలో జాలి కనబడింది. రెండోసారి తిరిగొచ్చేసరికి మరో ముగ్గురు నాదేదో పోయిందని నేల మీద వంగి వెతుకుతున్నారు. మా వీధిలో ఊరికే నడిచేవాడు ఇంతవరకూ పుట్టలేదు. "దొరికింది" అని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

నీలం పుస్తకంలో: 45 నిమిషాలు.

టేపు తీసుకుని మా వీధిలో నీడ కొలిచాను. మిట్టమధ్యాహ్నం. ట్రాన్స్‌ఫార్మరు కింద నాలుగడుగులు, కానీ అక్కడ నిలబడితే ఒళ్ళు గుయ్యిమంటుంది. నా కొట్టు బోర్డు కింద మూడడుగుల రెండంగుళాలు. ఫోన్లు బాగుచేసే కొట్టు పరదా కింద నాలుగడుగుల నాలుగంగుళాలు. మొత్తం పదకొండడుగుల ఆరంగుళాలు. నాలుగు వందల గడపలకు ఇదీ నీడ. కుట్టమని తెస్తే, గుడ్డ చాలదని వెనక్కి పంపేస్తాను.

పెద్ద రోడ్డు దాటితే కాలనీ. అక్కడ పార్కు. నా చిన్నప్పుడు అది అందరూ తిరిగే మైదానం. మొదట చెట్లు వచ్చాయి, బాగుందనుకున్నాం. తర్వాత కంచె వచ్చింది, తర్వాత గేటు, తర్వాత "నివాసితులకు మాత్రమే" అని బోర్డు, చివరికి ఈల. ఆ ఈల గేటు దగ్గరుండే మీసాలాయన మెడలో వేలాడుతుంది.

"ఎవరింటికి?" అన్నాడు మీసాలాయన.

"ఎవరింటికీ కాదు. చెట్ల దగ్గరికి."

"చెట్లు ఏ నెంబరు ఇల్లు?"

తిరిగొచ్చేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

నీలం పుస్తకంలో: 45 నిమిషాలు. రాయడానికి అర నిమిషం.

ఫిబ్రవరి 13, గురువారం

డాబా మీద నీళ్ళ ట్యాంకుల మధ్య ఇరవై రెండు చుట్లు తిరిగాను. కింది వాటాలో ఆవిడ పైకొచ్చి, "మాస్టారూ, మా నెత్తిన ఎవరో రోకలి పోటు వేస్తున్నారు, మీరేమైనా చూశారా?" అంది. చూడలేదన్నాను. ఇక కుదరదు.

మా ఆవిడ అయితే, "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ" అని నవ్వుతుంది. కాలు కాలితే కనీసం పిల్లికి తెలుస్తుంది. రోజూ భోజనం ముందు నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని, అద్దం పట్టి, వేళ్ళ సందులు కూడా చూస్తోంది. డాక్టరు చెప్పాడట. సిగ్గుగా ఉంటుంది, కానీ ఆవిడ వినదు. మా ఇల్లు కొట్టు పైన మూడో అంతస్తులో. మెట్లెక్కేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగి గోడకు ఆనుకుంటుంది. నేను పైకెళ్ళి "ఇంకా రాలేదేం?" అని కేకేస్తాను. ఆడవాళ్ళు నెమ్మది.

ఫిబ్రవరి 16, ఆదివారం

అందరినీ రానిచ్చే పార్కు ఒకటుంది. రెండు బస్సులు మారాలి. వెళ్ళాను. అబ్బ, ఏం గాలి! నలభై అయిదు నిమిషాలు నిజంగా నడిచాను. నీలం పుస్తకంలో మొదటిసారి నిజం రాశాను. వెళ్ళి రావడానికి మూడు గంటలు పట్టింది. తిరుగు బస్సులో నిలబడి, పొగ మింగి, కొట్టుకొచ్చేసరికి షట్టరు ముందు అయిదుగురు, అయిదుగురి నోటా ఒకటే తిట్టు. రోజూ ఇలా వెళ్తే షుగరుకంటే ముందు కొట్టు తగ్గిపోతుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఒక సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి పెద్ద గుడ్డమూట తెచ్చి బల్ల మీద పడేశాడు. కాలనీ కాపలావాళ్ళకి యూనిఫారాలు, ఆరు జతలు. నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు, భుజం మీద పట్టీలు.

"కొలతలు?" అన్నాను.

"కొలతలెందుకు మాస్టారూ? పెద్దగా కుట్టండి, లోపల ఎవడో ఒకడు పడతాడు."

ముప్పై ఏళ్ళలో ఇంత అవమానం జరగలేదు. ఒప్పుకున్నాను.

ఆవిడ కాలనీలో ఒక రిటైరైన లెక్కల టీచరమ్మ కోటుకి గుండీలు కుట్టడానికి సాయంత్రం వెళ్ళింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడ్డ జాగ్రత్తగా పరిచి, చేతుల ముక్కలు తిప్పి వేసి కత్తిరిస్తే ఏడో జతకి సరిపడా మిగిలింది. మంచి దర్జీ చేతిలో గుడ్డ ఎప్పుడూ మిగలాలనేవాడు మా నాన్న. మిగిలింది కనుక కత్తిరించాను. వేరే ఉద్దేశం లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఏడో జతకి నా కొలతలే వాడాను. ఇంకెవరి కొలతలూ చేతికందలేదు.

ఆవిడ మళ్ళీ గుండీలకి వెళ్ళింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చేసేశాను!

ఆరు జతలూ మొన్ననే ఏజెన్సీకి ఇచ్చేశాను. పొద్దున ఆరింటికి ఆవిడతో డాబా మీదికి అని చెప్పి, కొట్టులోకి దూరి, ఏడో జత తొడిగి, టోపీ పెట్టుకుని, కాలనీ గేటు దగ్గరికి వెళ్ళాను. కాపలావాడి పని చుట్టూ తిరగడమేగా! ఎవరు అడుగుతారు? గోడ పక్కనుంచి మెల్లగా జారుకుందామనుకున్నాను.

మీసాలాయన నన్ను చూసి చటుక్కున లేచి సెల్యూట్ కొట్టాడు.

నా తప్పే. మిగతా ఆరుగురి చొక్కాలు గుడారాల్లా వేలాడుతున్నాయి. నాది నడుము దగ్గర పట్టి, భుజం దగ్గర నిలబడి, ప్యాంటు మడత కత్తిలా ఉంది. వదులుగా కుట్టుకుని ఉంటే ఏ గొడవా లేదు. కానీ నా చేత్తో నాకే వదులు చొక్కా ఎలా కుట్టుకుంటాను? ఇంత బాగా కుదిరిన బట్టలు వేసుకున్నవాడు తప్పకుండా పైవాడై ఉంటాడని మీసాలాయన లెక్క. అంతలో కాలనీ సెక్రటరీ వచ్చాడు. ఎర్ర టోపీ, చేతిలో నిబంధనల అట్ట.

"ఆహా! సూపర్‌వైజర్ని పంపించమని ఏజెన్సీని ఆర్నెల్లుగా అడుగుతున్నాను. ఇప్పటికి పంపారు!" అని కొత్త ఈల ఒకటి నా మెడలో వేశాడు. "బయటివాళ్ళు చొరబడుతున్నారయ్యా. ఒక కన్నేసి ఉంచు."

రెండు కళ్ళూ వేసి ఉంచుతానన్నాను. కంచే చేను మేయడమంటే ఇదే కాబోలు. పన్నెండు చుట్లు తిరిగాను. నీలం పుస్తకంలో: 45 నిమిషాలు. నిజంగా.

మార్చి 6, గురువారం

రోజూ వెళ్తున్నాను. ఆరున్నరకి డాక్టరు ఎదురవుతాడు. మొదటిరోజు గుండె జారి అరికాల్లోకి వచ్చింది, అరికాలు ఎలాగూ మొద్దు కనుక తట్టుకున్నాను. టోపీ కిందికి లాక్కుని సెల్యూట్ కొట్టాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఈ రోజు ఖాళీ నీళ్ళసీసా నా చేతికిచ్చి "పారెయ్" అన్నాడు. పారేశాను.

మార్చి 12, బుధవారం

ఆవిడ ఇంకా గుండీలకే వెళ్తోంది. ఆ టీచరమ్మ జెర్రికి కోటు కుట్టిస్తోందేమో! మా ఆవిడ బట్టల మీద పొట్టి నల్లటి వెంట్రుకలు. ఊలు కోటు అయ్యుంటుంది.

ఈ మధ్య మెట్ల మీద ఆగడం లేదు. నేను కొనిచ్చిన కొత్త చెప్పులు మంచివి.

మార్చి 21, శుక్రవారం

నీలం పుస్తకం చూపించే రోజు. షుగరు నూట డెబ్భై ఆరు. డాక్టరు కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చాడు.

"శభాష్! ఎక్కడ నడుస్తున్నారు?"

"మీ వెనకాలేనండీ."

పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పుల్లతో కాలు తాకాడు. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా మడమ జాడ లేదు. "వస్తుంది, ఆపకండి. ఆపితే ఈ అంకె మళ్ళీ ఎక్కుతుంది" అన్నాడు. ఆపడమా? పైగా సూపర్‌వైజర్ని.

ఏప్రిల్ 7, సోమవారం

రేపటినుంచి టీచరమ్మ గుండీలు పొద్దున పూటే కుడుతుందట. సాయంత్రాలు వేడిగా ఉంటోందట. గుండీలకి వేడేమిటో!

ఏప్రిల్ 8, మంగళవారం

సూది కోసం సోదికి వెళ్తే పాత రంకులన్నీ బయటపడ్డాయని సామెత. నా సూది నన్ను ఎక్కడికి తెచ్చిందో అంతా వరసగా రాస్తాను.

ఏడో చుట్టులో ఉన్నాను. సెక్రటరీ పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకున్నాడు. "సూపర్‌వైజర్, అటు చూడు. ఆ పనిమనిషి బెంచీ మీద కూర్చుంది! నిబంధన తొమ్మిది. పనివాళ్ళు బెంచీల మీద కూర్చోకూడదు. వెళ్ళి లేపు."

పెద్ద చెట్టు కింద బెంచీ మీద ఒక ఆవిడ, వీపు ఇటు తిప్పి కూర్చుంది. చేతిలో తాడు, తాడు చివర నల్లటి కుక్క. నేను ఈల నోట్లో పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఈల ఊదబోతే గాలి లోపలికి పోయింది.

"నువ్వా!" అన్నాను.

"మీరా!" అంది మా ఆవిడ.

ఇద్దరం తేలు కుట్టిన దొంగలమే.

"గుండీలు?" అన్నాను.

"డాబా?" అంది.

కుక్క ఒక్కటే నిజాయితీగా తోక ఊపుతోంది.

"గుండీలు మూడేనండీ. మొదటిరోజే అయిపోయాయి" అంది చివరికి. "టీచరమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. కుక్కని తిప్పేవాళ్ళు లేరంది. నేను తిప్పుతానన్నాను. దీనికి పార్కు పాసుంది చూడండి, ఫోటోతో సహా. దీనితోపాటు మనిషిని ఒకరిని రానిస్తారు."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమంటారు? నీకేమైంది, నీకెందుకు నడక అంటారు."

అంటాను. తప్పకుండా అనేవాణ్ణి.

"మెట్ల మీద ఊపిరాడక గోడ పట్టుకుంటే, పైనుంచి ఇంకా రాలేదేం అని అరిచేవారు. మీకు డాక్టరు పుస్తకమిచ్చాడు. నాకెవరిచ్చారు? అందుకని కుక్కని పట్టుకున్నాను." కోపంగా కూడా అనలేదు. "పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక చెట్టు కింద ఊరికే కూర్చోవడం ఇదే మొదలండీ. మీరు ఈల ఊదాలంటే ఊదండి."

ఈ ఊళ్ళో సగంమంది నడుములు కొలిచాను. ఇంట్లో మనిషికి ఊపిరి చాలడం లేదని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. మొద్దుబారింది మడమ ఒక్కటేనా? సిగ్గేసింది. ఈల తీసి జేబులో పడేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

కూర్చున్నానో లేదో, "ఈ పూట కాలు చూడనేలేదు, ఇలా పెట్టండి" అని నా బూటు లాగేసి, మేజోడు తీసి, పాదం ఒళ్ళో పెట్టుకుంది. "ఇక్కడొద్దే!" అంటున్నా వినలేదు. సెక్రటరీ వచ్చేశాడు. ముఖం టోపీ రంగులోకి మారింది.

"ఏమిటయ్యా ఇది! ఆవిడని లేపమంటే నువ్వూ కూర్చున్నావ్? పైగా కాళ్ళు పట్టించుకుంటున్నావా?"

సరిగ్గా అప్పుడే డాక్టరు అటుగా నడిచొచ్చాడు. నా ముఖం చూడలేదు. ఆవిడ ఒళ్ళో ఉన్న పాదం చూశాడు. టక్కున ఆగిపోయాడు.

"ఆగండాగండి. ఈ మడమ నాకు తెలుసు. ఇది నా పేషెంటు కాలు!"

అప్పుడు తల పైకెత్తాడు. ఇక దాచడానికి ఏముంది? అంతా చెప్పేశాను, ఏడో జతతో సహా. డాక్టరు నా ముఖాన్నీ, టోపీనీ మార్చి మార్చి చూశాడు.

"రోజూ నాకు సెల్యూట్ కొట్టింది మీరా?"

"అవునండీ. సీసా కూడా పారేశాను."

ఏప్రిల్ 9, బుధవారం

పోలీసుల్ని పిలవకుండా డాక్టరు అడ్డుపడ్డాడట. కాలనీవాళ్ళు మీటింగు పెట్టి ఒక నిర్ణయానికొచ్చారు. నా హయాంలో పార్కు బాగా నడిచిందట. కనుక నిజంగానే సూపర్‌వైజర్‌గా పొద్దున రెండు గంటలు చేరమన్నారు. నడుచుకోవడానికైతే రానివ్వరు, ఇతరుల్ని నడవనివ్వకుండా చూడటానికైతే రానిస్తారు. కుక్కతో వచ్చే మనిషి బెంచీ మీద కూర్చోకుండా చూసే పూచీ కూడా నాదేనట.

"చేరండి" అంది ఆవిడ. "మీ కాలు ముఖ్యం. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. నేను నిలబడతాను, నాకేం?"

చేరాను. కాలు కోసమే కదా.

ఏప్రిల్ 10, గురువారం

45 నిమిషాలు. ఆవిడ నిలబడే ఉంది. నాకేమీ బాధ అనిపించలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

45 నిమిషాలు. నాకేమీ బాధ అనిపించలేదు. నిన్న కూడా ఇదే రాశాను.

ఏప్రిల్ 12, శనివారం

గేటు దగ్గర మీసాలాయన టీ తాగడానికి వెళ్ళాడు, నేను నిలబడ్డాను. మా కిరాణా కొట్టాయన వచ్చాడు, వాళ్ళమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ. ఆమెకి ఎనభై ఉంటాయి, ఆయాసం. యూనిఫారంలో నన్ను పోల్చుకోలేదు.

"ఎవరింటికి?" అన్నాను. నోటికి అలవాటైపోయింది.

"ఎవరింటికీ కాదు సార్. మా అమ్మకి కాస్త చెట్ల గాలి తగులుతుందని..."

"చెట్లు ఏ నెంబరు..."

ఇల్లు అనే మాట బయటికి రాలేదు. ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "మాస్టారూ?" అన్నాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గేటు బార్లా తెరిచి, ముసలావిడని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాను. మా ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోమన్నాను. సెక్రటరీ నిబంధన తొమ్మిది చదవడం మొదలుపెట్టాడు. ఈల ఆయన మెడలోనే వేసి వచ్చేశాను.

పాదం పోతే పోతుంది. కాదు, పోకూడదు. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

నడక లేదు. నీలం పుస్తకంలో: సున్నా.

ఏప్రిల్ 14, సోమవారం

సున్నా. మధ్యాహ్నం ఆవిడ ఉండబట్టలేక, "పార్కుకి గేటుంది, సరే. నీడకి గేటుందా?" అంది.

"ఉంటే సెక్రటరీ తాళం వేసేవాడే" అన్నాను.

"మరి టేపు తియ్యండి. నేను పొద్దున కుక్కతో లోపల తిరుగుతుంటే చూశాను. పడమటి గోడ పక్క చెట్ల నీడ లోపల పడదు, బయట సందులో పడుతుంది."

ఏప్రిల్ 15, మంగళవారం

కొలిచాం. టేపు ఒక కొస ఆవిడ పట్టుకుంది. పొద్దున ఆరున్నరకి నీడ గోడ దాటి బయటికి పదహారడుగులు. ఏడున్నరకి తొమ్మిది. ఎనిమిదింబావుకి మూడు. సందు పొడవు ఆరు వందల పన్నెండడుగులు. బండ్లు రావు, ఎందుకంటే కాలనీవాళ్ళు రాలిన ఆకులూ విరిగిన కుండీలూ తెచ్చి పోస్తారు. ఇద్దరం చీపుళ్ళు పట్టి సగం ఊడ్చాం. నీలం పుస్తకంలో ఏం రాయాలి? ఊడుస్తూ నడిచాను, గంట.

ఏప్రిల్ 22, మంగళవారం

సందులో ఇప్పుడు పద్నాలుగు మందిమి. కిరాణా ఆయన వాళ్ళమ్మకి పాత కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. కింది వాటా ఆవిడ నన్ను చూసి, "అయితే ఆ రోకలి మీరేనన్నమాట!" అంది. మా ఆవిడ కుక్కతో లోపల, నేను బయట, మధ్యలో కంచె. ఊచల మధ్యనుంచి మాట్లాడుకుంటూ నడుస్తాం. పెళ్ళికి ముందు కూడా ఇలా మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఈ రోజు ఆవిడ కుక్కని తీసుకుని గేటు దాటి సందులోకి వచ్చేసింది. "కుక్కగారికి కూడా ఇక్కడే బాగుందట" అంది. కుక్కగారు కిరాణా ఆయన డబ్బా ఒకటి తడిపారు.

నీడ బయటికి పోతోందని సెక్రటరీ కొమ్మలు కొట్టిస్తానన్నాడట. "కొడితే మీ ఇంటి ముందు చెట్టుతో మొదలుపెట్టండి" అన్నాడట డాక్టరు. ఆ మాట మీసాలాయన వచ్చి చెప్పాడు. చెప్పి, కాసేపు ఆయన కూడా నడిచాడు.

మే 2, శుక్రవారం

డాక్టరు సందులోకి వచ్చాడు. ఈసారి ముందు ఆయనే నమస్కారం పెట్టాడు. చేతిలో నీళ్ళసీసా ఉంది. నేను అలవాటుగా చెయ్యి చాపితే, గబుక్కున వెనక్కి దాచుకున్నాడు.

మే 5, సోమవారం

తొంభయ్యో రోజు. షుగరు నూట ముప్పై ఒకటి.

ఆ అంకె విన్నా నాకు నవ్వు రాలేదు. కాలి పరీక్ష ఇంకా ఉంది. బల్ల మీద పాదాలు పెట్టి కళ్ళు మూసుకున్నాను. మా ఆవిడ నా భుజం పట్టుకుంది.

"తెలుస్తోందా?" అన్నాడు డాక్టరు.

నేను వెతికాను. ఏమీ లేదు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"లేదండీ. తెలియడం లేదు."

"నేనింకా మొదలుపెట్టలేదు" అన్నాడు.

ఆవిడ వేళ్ళు నా భుజం మీద బిగిశాయి. ఆ తర్వాత ఎడమ బొటనవేలు, ఏమీ తెలియలేదు. చిటికెనవేలు, లేదు. కుడి పాదం మధ్యలో ఏదో గాలి తగిలినట్టు. ఆ తర్వాత మడమ, సరిగ్గా సూది దిగిన చోట.

"అబ్బా!" అన్నాను.

అంత గట్టిగా అరిచానట, బయట బెంచీ మీదివాళ్ళు లేచి నిలబడ్డారట. డాక్టరు, "ఊరికే తాకానండీ, అంతే" అని నవ్వుతున్నాడు. నాకు కళ్ళవెంట నీళ్ళు ఆగడం లేదు. ఇంకోసారి గుచ్చమన్నాను. ఇంకా ఆరునెలలు నడక మానకూడదట, ఎడమకాలు ఇంకా రావాలట. మానను.

లేవబోతూ, "డాక్టరుగారూ, నీలం పుస్తకం ఇంకొకటి ఉందా?" అన్నాను.

"నిండిపోయిందా?"

"నాకు కాదండీ." కుర్చీ ఖాళీ చేసి మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. "ఈవిడ మూడంతస్తుల మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగేది. నేను చూశాను, పట్టించుకోలేదు. ముందు ఆ ఊపిరి కొలవండి."